దంతవైద్య కళాశాలలలో అంతర్వృత్తి విద్య

దంతవైద్య విద్యార్థులు వైద్య, నర్సింగు, ఫార్మసీ, ఆహారశాస్త్ర, సమాజసేవా విద్యార్థులతో కలిసియు, వారినుండియు, వారినిగూర్చియు నేర్చుకొనుచు, రోగికి మేలైన చికిత్సను సమకూర్చుటయే లక్ష్యముగా పొందు శిక్షణకు అంతర్వృత్తి విద్య యని పేరు. రెండు శాఖల విద్యార్థులు ఒకే గదిలో కూర్చుండి ఒకే ఉపన్యాసమును వినినంతమాత్రమున ఇది సిద్ధింపదు; ఒక రోగి బాధను ఎదుట నుంచుకొని, తమ వృత్తికి తెలిసినదేమో, ఎదుటి వృత్తికి తెలిసినదేమో సరిచూచుకొని, చేయవలసిన దానిని కలిసి నిశ్చయించుకొన్నప్పుడే ఆ పేరు సార్థకమగును. ఈ విద్య చరిత్ర, నోటిని దేహమునుండి విడదీసిన సంస్థల చరిత్రతో పెనవైచుకొని యున్నది. ఆ ఎడబాటు ఎట్లు కలిగినదో ఎరిగినగాని ఈ విద్య యొక్క ఆవశ్యకత బోధపడదు.

ప్రపంచమున మొదటి దంతవైద్య కళాశాల అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1840 లో హోరేస్ హేడెన్, చాపిన్ హారిస్ అను నిరువురి పూనికవలన నెలకొనెను. దంతవైద్యమును తమ పాఠ్యక్రమమున చేర్చుకొనుడని వీరు మేరీలాండు విశ్వవిద్యాలయపు వైద్యాచార్యులను అర్థింపగా, వారు నిరాకరించిరనియు, అందుచేతనే వేరు కళాశాల పుట్టెననియు ఒక కథ బహుకాలముగా ప్రచారమున నున్నది. అట్టి నిరాకరణమునకు నాటి పత్రములలో తగిన ఆధారము కానరాదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. కథ నిజమైనను కాకున్నను, ఫలితము మాత్రము స్థిరమయ్యెను: పండ్లకు వేరు విద్య, వేరు పట్టము, వేరు ఆలయము ఏర్పడినవి. అయినను ఆ తొలి కళాశాల వైద్యమునకు విముఖమైనది కాదు. మొదటి నలుగురు ఆచార్యులలో శరీరనిర్మాణమును బోధించిన విల్లిస్ బాక్స్‌లీ, వ్యాధిశాస్త్రమును బోధించిన థామస్ బాండ్ వైద్యపట్టభద్రులే. దేహశాస్త్రము తెలియనివాడు పంటిపై చేయి వేయరాదని ఆ స్థాపకులు గాఢముగా నమ్మిరి. తరువాత లాభాపేక్షతో పుట్టిన అనేక ప్రైవేటు కళాశాలలు చేతిపనికే ప్రాధాన్యమిచ్చి ఆ నమ్మకమును క్రమముగా సడలించినవి. 1867 లో హార్వర్డు విశ్వవిద్యాలయము దంతవైద్య శాఖను తెరచి, ఒక విశ్వవిద్యాలయపు అంగముగా నుండు మొదటి దంతవైద్య విద్యాలయమునకు జన్మభూమి యయ్యెను.

ఈ చరిత్రలో విలియం గీస్ స్థానము విశిష్టమైనది. ఆయన దంతవైద్యుడు కాడు. కొలంబియా విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రాచార్యుడు. కార్నెగీ సంస్థ పక్షమున అమెరికా, కెనడాలలోని దంతవైద్య కళాశాలలను పరిశీలించి 1926 లో ఆయన వెలువరించిన బృహన్నివేదిక, వైద్యవిద్యను సంస్కరించిన 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక ఎట్టిదో దంతవైద్యవిద్యకు అట్టిదయ్యెను. వ్యాపారపద్ధతిని నడచు కళాశాలలు మూతపడవలెననియు, దంతవైద్యము విశ్వవిద్యాలయముల నీడకు రావలెననియు, వైద్యముతో సమానమైన శాస్త్రప్రతిష్ఠను పొందవలెననియు గీస్ వాదించెను. కాని ఆయన కోరినది సమానత్వమే గాని విలీనము కాదు. దంతవైద్యము స్వతంత్రవృత్తిగానే నిలువవలెనని ఆయన తలంపు. ఆయన మాటలలో మొదటి సగమును కళాశాలలు శ్రద్ధగా ఆచరించినవి. వైద్యముతో సన్నిహిత సంబంధముండవలెనను రెండవ సగము మాత్రము చాలకాలము కాగితముపైననే నిలిచిపోయినది.

ఎడబాటు కళాశాలలతో ఆగలేదు. 1965 లో అమెరికా ప్రభుత్వము వృద్ధులకై మెడికేర్ పథకమును నెలకొల్పినప్పుడు సామాన్య దంతచికిత్సను దాని పరిధినుండి తొలగించెను; బీమా వేరు, చికిత్సాలయము వేరు, రోగి వివరముల దస్త్రము వేరు అయ్యెను. ఇట్టి ఏర్పాటు ఎంతటి మూల్యమును చెల్లింపజేయునో 2007 లో మేరీలాండు రాష్ట్రముననే బయటపడినది. పన్నెండేండ్ల బాలుడొకనికి పుచ్చిపోయిన పంటిలోని చీము మెదడునకు ప్రాకి, రెండు శస్త్రచికిత్సలు చేసినను ప్రాణము దక్కలేదు. ఆ పన్ను తీయుటకు 80 డాలర్లు చాలియుండెడివని నాటి పత్రికలు వ్రాసినవి. మొదటి దంతవైద్య కళాశాల వెలసిన రాష్ట్రమున ఇట్టి మరణము సంభవించుట ఎవరి హృదయమును కలచివేయదు?

వృత్తులు కలిసి పనిచేయుట మొదట కళాశాలలో గాక చికిత్సాలయములోనే ఆరంభమయ్యెను. గ్రహణమొఱ్ఱితో పుట్టిన శిశువునకు పెదవిని కుట్టుటకు శస్త్రవైద్యుడు, పలువరుసను దిద్దుటకు దంతవైద్యుడు, మాట నేర్పుటకు వాక్చికిత్సకుడు, చెవిని కనిపెట్టుటకు మరియొకడు కావలెను. వీరిలో ఒకరు తొందరపడినను, ఆలసించినను తక్కినవారి శ్రమ వ్యర్థమగును. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు పట్టణమున హెర్బర్ట్ కూపర్ అను దంతవైద్యుడు 1938 లో నెలకొల్పిన చికిత్సాలయము ఈ సత్యముపైననే నిర్మితమైనది. వీరందరును ఒక బల్లచుట్టు చేరి, ఒకే శిశువునుగూర్చి చర్చించి నిర్ణయము గైకొను పద్ధతికి అది ఆదర్శమయ్యెను. అంతర్వృత్తి విద్యకు నిజమైన బీజము ఇచ్చటనే కలదని చెప్పవచ్చును.

కళాశాలలలో జరిగిన తొలి ప్రయత్నములు పాఠములను పంచుకొనుటకు సంబంధించినవి. హార్వర్డు 1940 ప్రాంతమున తన దంతవైద్య విద్యాలయమును పునర్వ్యవస్థీకరించి, విద్యార్థులు మొదటి సంవత్సరములలో వైద్యవిద్యార్థులతో కలిసి చదువునట్లు ఏర్పాటు గావించెను. 1968 లో తలుపులు తెరచిన కనెక్టికట్ విశ్వవిద్యాలయపు వైద్య, దంతవైద్య విద్యాలయములు ఆరంభమునుండియు మౌలికశాస్త్రముల బోధనను ఉమ్మడిగా నడపినవి. ఇవి మెచ్చదగినవే. అయితే శరీరనిర్మాణ పాఠమును కలిసి వినిన యిరువురు విద్యార్థులు, పిమ్మట వేర్వేరు భవనములకు మరలి, వేర్వేరు రోగులను చూచి, మరల కలిసికొననిచో వారికి పరిచయము మిగులునే గాని పొత్తు కుదురదు.

సిద్ధాంతము స్పష్టరూపమును దాల్చినది 1972 లో. ఆ సంవత్సరము అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, ఆరోగ్యబృందమునకు శిక్షణ యను విషయముపై వెలువరించిన నివేదికలో, కలిసి పనిచేయవలసినవారు కలిసి చదువుకొనవలెనని ఉద్ఘాటించెను. బ్రిటనులో ఈ విద్యాభివృద్ధికై 1987 లో ఒక జాతీయ కేంద్రము వెలసినది. నేడు దేశదేశముల ప్రామాణికముగా చెల్లుచున్న నిర్వచనము దానిదే. మరుసటి సంవత్సరము ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే అంశముపై ఒక నివేదికను ప్రకటించెను. దంతవైద్య కళాశాలలు మాత్రము ఈ ఉద్యమమున ఆలస్యముగా అడుగిడినవి.

వాటిని కదలించినది శాస్త్రమే. మధుమేహమువలన కలుగు ఉపద్రవములలో చిగుళ్ళవ్యాధిని ఆరవదిగా లెక్కింపవలెనని హారల్డ్ లో అను చిగుళ్ళవ్యాధి పరిశోధకుడు 1993 లో వ్రాసెను. ఎముకలకు సోకిన క్యాన్సరునకు వాడు బిస్‌ఫాస్ఫొనేటు మందులు పుచ్చుకొనువారికి, పన్ను తీసిన పిమ్మట దవడయెముక మానక కుళ్ళుచున్నదని 2003 లో బయటపడెను. మందు వ్రాయు వైద్యుడు పంటిని చూడకపోవుటయు, పన్ను తీయు దంతవైద్యుడు మందును అడుగకపోవుటయు ఎంత అపాయకరమో ఇందువలన విశదమయ్యెను. ఈ నడుమ 1995 లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దంతవైద్యవిద్యపై వేరుగా ఒక నివేదికను ప్రకటించి, వైద్యముతో సంబంధమును దృఢపరచుకొనుమని కళాశాలలను హెచ్చరించెను. 2000 లో అమెరికా సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ ప్రకటించిన నివేదిక, నోటి ఆరోగ్యము లేనిది దేహారోగ్యము లేదని చాటెను.

న్యూయార్క్ విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగము వీటన్నింటికంటె సాహసోపేతమైనది. 2005 లో అచ్చటి నర్సింగు విభాగము దంతవైద్య కళాశాలలో అంతర్భాగముగా చేయబడి, పదేండ్లపాటు దాని నీడనే యుండెను. దంతచికిత్స జరుగు భవనములోనే నర్సులు నడపు ఆరోగ్యకేంద్రమొకటి వెలసినది. పన్ను తీయించుకొన వచ్చినవానికి రక్తపోటు మితిమీరినదని తేలినచో, అతనిని ఉత్త చేతులతో ఇంటికి పంపక ఆ కేంద్రమునకు నడిపింపవచ్చును. దీనికి ప్రతిగా నర్సింగు విద్యార్థుల పరీక్షావిధానమును సయితము సవరింపవలసివచ్చినది. తల, కన్నులు, చెవులు, ముక్కు, గొంతు అను వరుసలో రోగిని పరీక్షించుట వారికి పరిపాటి. గొంతును చూచుటకు నోటిని తెరపించియు, ఆ నోటిని చూడక దాటిపోవుచుండిరి. అచ్చటి నర్సింగు ఆచార్యురాలు జుడిత్ హేబర్, ఆమె సహచరులు 2015 లో ప్రకటించిన వ్యాసమున ఆ వరుసలో నోటిని చేర్చిరి. విద్యార్థి ఇప్పుడు పెదవులను తడవి చూచి, నాలుకను ప్రక్కకు లాగి దాని అంచులను, అడుగుభాగమును, బుగ్గల లోపొరను, చిగుళ్ళను, అంగిలిని వరుసగా పరిశీలించి, దీపపు వెలుగున కనబడిన తెల్లని మచ్చనైనను, రక్తము చిమ్ము చిగురునైనను వ్రాసికొనవలెను. ఒక అవయవమును చూడమని చెప్పుటకు శతాబ్దముపైన పట్టుట విచారకరమైనను, ఆ చిన్న సవరణ వేలకొలది ఉపన్యాసములకంటె ఎక్కువ మేలు చేయగలదని ఈ వ్యాసకర్త విశ్వాసము.

2009 లో వైద్య, ఆస్టియోపతీ, నర్సింగు, ఫార్మసీ, ప్రజారోగ్య విద్యాసంఘములతో పాటు అమెరికా దంతవైద్య విద్యాసంఘము చేరి, ఆరు సంఘములు ఒక ఉమ్మడి సంస్థను స్థాపించినవి. 2011 లో ఆ సంస్థ ప్రతి విద్యార్థియు గడింపవలసిన నేర్పులను విలువలు, బాధ్యతలు, సంభాషణము, బృందకార్యము అను నాలుగు విభాగములుగా నిర్ణయించెను. అమెరికాలో దంతవైద్య కళాశాలలకు గుర్తింపునిచ్చు సంఘము, ఇతర ఆరోగ్యవృత్తులవారితో సంభాషించి సహకరింపగల సామర్థ్యమును పట్టభద్రులకు తప్పనిసరి చేయు నియమమును 2013 నుండి అమలుపరచెను. అంతవరకును ఉత్సాహవంతులైన కొందరాచార్యుల పట్టుదలపై ఆధారపడినది ఆనాటినుండి విధిగా మారినది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నగరమున 2010 లో తెరచిన దంతవిద్యాలయమున కింగ్స్ కాలేజి దంతవైద్య విద్యార్థులు, నోటి శుభ్రతను నేర్పు హైజీనిస్టు, దంతథెరపిస్టు శిక్షణలోని విద్యార్థులతో కలిసి ఒకే రోగులకు చికిత్సచేయుచు అభ్యసించుట మరియొక మార్గము. ఇది దంతవృత్తి లోపలి పొత్తు; బయటి పొత్తునకు తొలి మెట్టు.

భారతదేశమున దంతవైద్యవిద్య 1920 లో కలకత్తాలో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు స్థాపించిన కళాశాలతో ఆరంభమై, 1948 నాటి దంతవైద్యుల చట్టముతో శాసనబద్ధమయ్యెను. హైదరాబాదులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉస్మానియా వైద్య కళాశాలలో ఒక విభాగముగా మొదలైనది. మన బి.డి.ఎస్. విద్యార్థి మూడవ సంవత్సరమున సామాన్యవైద్యమును, శస్త్రవైద్యమును చదువును. ఆస్పత్రి వార్డులలో తిరుగును. కాని అచ్చట అతడు వినువాడే గాని మాటలాడువాడు కాడు. వైద్యవిద్యార్థి అతని ప్రక్కనే నిలిచియుండియు దంతముల ప్రసక్తి రాదు. ఆ వైద్యవిద్యార్థి పాఠ్యక్రమమున నోటికి దొరకు గడియలు మిక్కిలి స్వల్పము.

తెలుగునేలకు ఈ పొత్తు క్రొత్తది కాదని చెప్పుటకు శ్రీకాకుళము సాక్ష్యము పలుకును. ఆ ప్రాంతపు పల్లెలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటువలన అంగిలికి పుండ్లు, క్యాన్సరు కలుగుచున్నవి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనసంస్థకు చెందిన ఫలి మెహతా, డెన్మార్కు దంతవైద్యాచార్యుడు జెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, 1971 లో ఆ ఫలితములను ప్రకటించిరి. తరువాత శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు సేవించువారికి, నోటిపరీక్షతో పాటు అలవాటును మానుడని బోధించు కార్యక్రమమును నడపి, దాని ఫలితములను 1986 లో వెల్లడించిరి. అట్టి కార్యక్రమము దంతవైద్యుని అద్దమొకటితో సాగునది కాదు; నచ్చజెప్పువారు, గణించువారు, కణములను సూక్ష్మదర్శినిలో చూచువారు అందరును కావలసినవారే. మన కళాశాలలు అంతర్వృత్తి పాఠమునకు ఉదాహరణము వెదకుకొనవలసిన పనిలేదు.

అడ్డంకులును తక్కువవి కావు. వైద్య, దంతవైద్య కళాశాలల వేళలు ఒకదానితో ఒకటి కుదురవు. పట్టము పొందుటకు ఇన్ని పండ్లు తీయవలెను, ఇన్ని రంధ్రములు పూడ్చవలెనని కోటా విధింపబడియున్నంతకాలము, ఆ కోటాను పూర్తిచేసికొను తొందరలో విద్యార్థి, అన్యవృత్తివానితో గడపిన పూటను నష్టముగా తలచును. ఇట్టి శిక్షణవలన రోగులకు కలిగిన ఫలితములను పరిశీలించిన 2013 నాటి కాక్రేన్ సమీక్షకు 15 అధ్యయనములే దొరకినవి. కొన్నింట మేలు కనిపించినను, స్థిరమైన సిద్ధాంతమునకు అవి చాలవని అది తీర్మానించెను. విద్యార్థుల మనోభావము మారినదని చూపు ప్రశ్నావళులు తరచుగా లభించునే గాని, రోగి పరిస్థితిని కొలుచు పరిశోధనలు అరుదు. 2023 లో భారత పార్లమెంటు 1948 నాటి దంతవైద్యుల చట్టమునకు బదులుగా జాతీయ దంతవైద్య సంఘ చట్టమును ఆమోదించెను. వైద్య, దంతవైద్య, నర్సింగు విద్యార్థులు ఒకే వార్డులో ఒకే రోగిని పరీక్షించి, ఒకే కాగితముపై తమ నిర్ణయమును వ్రాయునట్లును, ఆ కాగితమునకు మార్కులుండునట్లును పాఠ్యక్రమమును దిద్దుట ఇక ఆ వృత్తుల నియంత్రణ సంఘములన్నియు కలిసి చేయవలసిన పని.