పుట్ట నుంచి గాజుపెట్టెకి

పాముతో మనవాళ్ళకి తరతరాలుగా ఉన్న సంబంధాలు రెండే. ఇంట్లో కనిపిస్తే కర్ర, చవితి నాడు పుట్టలో పాలు. ఇంట్లో పెట్టుకుని పెంచడమనే మూడో సంబంధం చాలామందికి అమెరికా వచ్చాకే తెలిసింది. ఇక్కడ పుట్టిన పిల్లలు ఏ స్నేహితుడి ఇంట్లోనో పామును చేతికి చుట్టుకుని వచ్చి, "నాకూ ఒకటి కావాలి" అంటారు. తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుంది. ఔననో కాదనో చెప్పే ముందు ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో, ఎలా మారిందో తెలుసుకోవడం మంచిది. ఏ పామును ఎంచుకోవాలి, దానికేం పెట్టాలి అన్న ప్రశ్నలకి జవాబులు ఆ చరిత్రలోనే ఉన్నాయి.

పాముల శాస్త్రంలో మన భాషకి తక్కువ చోటేమీ లేదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే అందులో రాసుకున్నాడు. కొండచిలువకి 'పెద్ద పొడ' అని, మనం రక్తపింజర అనే పాముకి 'కాటుక రేకుల పొడ' అని. కట్లపాముల శాస్త్రీయ నామం 'బంగారస్' కూడా ఆ పుస్తకంలోని 'బంగారు పాము' నుంచి వచ్చిందే. పేర్లు పెట్టాం కానీ పెంచలేదు. పాములవాళ్ళు బుట్టల్లో తిప్పిన నాగుపాముల బతుకును పెంపకం అనలేం. కోరలు పీకి, పండగ ముందు నీళ్ళు కూడా ఇవ్వకుండా ఉంచితే, దాహానికి తట్టుకోలేక ఆ పాము పాలు కూడా తాగేది. నిజానికి పాము శరీరం పాలను అరిగించుకోలేదు. అది పూర్తిగా మాంసాహారి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశపు పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరమైంది.

అమెరికాలో ఈ సరదా మొదట్లో అడవిలో దొరికిన పామును తెచ్చి పెట్టెలో వెయ్యడంతోనే నడిచింది. న్యూయార్కులో రేమండ్ డిట్‌మార్స్ కుర్రతనంలో తల్లిదండ్రుల ఇంట్లోనే పాములను పెంచాడు. 1899లో బ్రాంక్స్ జూ తెరిచినప్పుడు అక్కడి సరీసృపాల విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన పుస్తకాలు చదివి ఎందరో పిల్లలు పాముల మీద ఆసక్తి పెంచుకున్నారు. ఆ రోజుల్లో విషమున్నవి, లేనివి అన్న పట్టింపు కూడా కొందరికి ఉండేది కాదు. విషసర్పాలను ఒట్టి చేతులతో మచ్చిక చేస్తుందని పేరు పొందిన గ్రేస్ వైలీ 1948లో కాలిఫోర్నియాలో ఫొటో కోసం పామును పట్టుకున్నప్పుడు కాటు తిని మరణించింది. కరిచింది నాగుపామే.

అసలు మలుపు తిప్పింది కార్న్ స్నేక్. ఇది మన జెర్రిపోతుకి దూరపు చుట్టం. విషం లేదు. 3 నుంచి 5 అడుగులకు మించి సాధారణంగా పెరగదు. ఎలుకల కోసం మొక్కజొన్న గాదెల చుట్టూ తిరిగేది కనుక ఆ పేరు వచ్చిందంటారు. 1953లో నార్త్ కరోలినాలో నలుపు రంగే లేని కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు దాని సంతతిని పెంచి, ఆ రంగు మెండెల్ సూత్రాల ప్రకారమే వారసత్వంగా వస్తుందని 1960ల మొదట్లో నిరూపించాడు. అంటే పామును అడవిలో పట్టక్కర్లేదు, ఇంట్లోనే తరాల తరబడి పుట్టించవచ్చు. ఈనాడు దుకాణంలో కనిపించే ఎరుపు, నారింజ రంగుల పాములన్నీ ఆ దారిన వచ్చినవే. కొత్తవాళ్ళకి మొదటి పాముగా దీన్నే చెప్పడానికి కారణం కూడా అదే. పెట్టెలో పుట్టి, చచ్చిన ఎలుకను తినడానికి అలవాటుపడిన పాము ఇది.

ఆ ఎలుకకీ ఒక చరిత్ర ఉంది. 1900 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని గ్రాన్బీ అనే ఊళ్ళో ఏబీ లాత్రాప్ అనే ఆవిడ సరదాగా పెంచుకునేవాళ్ళ కోసం చిట్టెలుకలను అమ్మడం మొదలుపెట్టింది. వాటిని ప్రయోగశాలలు కొనసాగాయి. అలా స్థిరపడిన ఎలుకల పెంపకమే తర్వాత పాముల తిండికీ పనికొచ్చింది. ఇప్పుడు గడ్డకట్టించిన ఎలుకలు పొట్లాల్లో దొరుకుతాయి. బతికిన ఎలుకను వదిలితే అది పామునే కొరికి గాయపరచవచ్చు కనుక, చచ్చినదే మేలు.

పెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. పాము ఒళ్ళు ఎక్కడ బాగా లావుగా ఉందో, ఎలుక అంత లావుండాలి. పిల్లపాముకి వెంట్రుకలు రాని ఎలుకపిల్ల వారానికి ఒకటి చాలు. పెద్దపాముకి పది పదిహేను రోజులకొకటి. ఎలుకను ఫ్రిజ్‌లో కరిగించి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, పట్టకారుతో అందించాలి. మైక్రోవేవ్ పనికిరాదు. తిన్న తర్వాత రెండు రోజులు పామును చేతిలోకి తీసుకోకూడదు. పెట్టెలో ఒక పక్క సుమారు 85 డిగ్రీల ఫారెన్‌హైట్ వెచ్చదనం లేకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు తిండి మానేస్తే కంగారు పడనక్కర్లేదు. గిన్నెలో మంచినీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

బాల్ పైథాన్ కథ వేరు. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వేలకొద్దీ దిగుమతైన ఈ పాములు చాలావరకు ఒంటి నిండా పిడుదులతో వచ్చేవి, తిండి ముట్టక చచ్చేవి. 1992లో బాబ్ క్లార్క్ తెల్లని బాల్ పైథాన్లను ఇక్కడే పుట్టించాక రంగుల పాముల పెంపకం ఊపందుకుంది. ఇది నెమ్మదైన పామే గానీ, ఒక్కోసారి నెలల తరబడి తినదు. కొనేవాళ్ళు ఇక్కడే పుట్టిందా అని అడిగి, అది తినడం కళ్ళారా చూసి కొనాలి.

ఎంపికలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చూడాలంటే ఫ్లోరిడా వెళ్ళాలి. పిల్లగా రెండడుగులుండే బర్మీస్ పైథాన్ కొన్నేళ్ళలోనే పదడుగులు దాటుతుంది. మోయలేక కొందరు ఎవర్‌గ్లేడ్స్‌లో వదిలేశారు. 1992లో ఆండ్రూ తుఫాను ఒక పెంపక కేంద్రాన్ని కూల్చినప్పుడు మరికొన్ని తప్పించుకున్నాయి. 2012లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ రాత్రివేళ రోడ్ల మీద కనిపించే రకూన్లు 1990ల లెక్కతో పోలిస్తే 99 శాతం తగ్గాయి. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఈ పాముల దిగుమతిని నిషేధించింది. తప్పు పాముది కాదు.

రాష్ట్రాల చట్టాలు కూడా చూసుకోవాలి. హవాయిలో ఏ పామునూ పెంచుకోకూడదు. జార్జియాలో స్థానిక జాతుల పాములను ఉంచుకోవడం నిషిద్ధం. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములుంటాయి కనుక ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో వద్దని వైద్యులు చెబుతారు.

ఇక మిగిలింది మన ఇళ్ళ సమస్య. ఉల్లిపాయ కూడా ముట్టని అమ్మమ్మగారు ఊరి నుంచి వచ్చి, ఆవకాయ సీసా పక్కన ఎలుకల పొట్లం చూస్తే ఏమంటారు? దానికి విడిగా చిన్న ఫ్రీజరు కొనాల్సిందే. పామును శాకాహారిని చెయ్యలేం. పైగా కార్న్ స్నేక్ ఇరవయ్యేళ్ళ దాకా బతుకుతుంది. పదేళ్ళ పిల్లవాడికి ఈ రోజు కొనిపెడితే, వాడు కాలేజీకి వెళ్ళాక పట్టకారు పట్టుకోవాల్సింది అమ్మా నాన్నలే. అందుకు సిద్ధమైతేనే ఔననండి. కాకపోతే కాదని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.