గొలుగొండ అంచున సర్కారు తీగ

1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం కృష్ణదేవిపేట పోలీసు ఠాణా మీద పడింది. ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. చింతపల్లిలో పట్టుకెళ్లిన తుపాకులు, తూటాల లెక్కను ఠాణా పుస్తకంలోనే రాసి రాజు సంతకం చేశాడు. ఎప్పుడు, ఎక్కడికి వస్తాడో ముందే కబురు పెట్టేవాడని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కబురుకు జనం పెట్టిన పేరు ‘మిరపకాయ టపా’.

కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో ఉంది. రాజు సమాధీ అక్కడే. పక్కన కొయ్యూరు మండలం దగ్గర అల్లూరి జిల్లా మొదలవుతుంది.

రాజు కబురుకు మిరపకాయ టపా ఉంటే, సర్కారు కబురుకు అండ 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తంతి నడిపే గుత్తాధికారాన్ని, అత్యవసరమైతే జనం సందేశాలను ఆపి చదివే అధికారాన్ని అది ప్రభుత్వానికే కట్టబెట్టింది. తెల్లదొరలు వెళ్లినా చట్టం పోలేదు.

1994 టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థలో 69 దేశాలు టెలికాం ఒప్పందానికి వచ్చాయి, వాటిలో భారత్ ఒకటి. 2000 అక్టోబరు 1న ప్రభుత్వ టెలిఫోన్ శాఖ సేవలు బీఎస్‌ఎన్‌ఎల్ చేతికి వెళ్లాయి. పట్నాల్లో ఫోన్లు చవకయ్యాయి. కొండల మీద మాత్రం ఇళ్లు దూరదూరం, దారులు అంతంతమాత్రం, పైగా మావోయిస్టుల భయం. లాభం లేనిచోట కంపెనీ టవరు వేయదు.

అందరికీ సేవ అందించే బాధ్యతను కంపెనీలపై మోపే హక్కు ప్రతి దేశానికీ ఉంటుందని 1997 ఒప్పందపు నియమాల పత్రమే (రిఫరెన్స్ పేపర్) ఒప్పుకుంది. మన ప్రభుత్వం 2002 నుంచి కంపెనీల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవా నిధికి మళ్లించింది. 2014లో మావోయిస్టు ప్రాంతాలకు 2,199 టవర్లు మంజూరయ్యాయి. వాటిలో వచ్చింది 2జీ. 4జీకి మార్చే ఆమోదం 2022 దాకా రాలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లోని 44 జిల్లాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ తెస్తామన్నారు. ఆ జిల్లాల్లో అప్పటి విశాఖ కూడా ఉంది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 అల్లూరి జిల్లావే.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 1885 నాటిదాని స్థానంలోకి వచ్చింది. సార్వత్రిక సేవా నిధి డిజిటల్ భారత్ నిధిగా మారింది. సందేశాలను ఆపే, వినే, అవసరమనుకుంటే సేవలనే నిలిపివేసే అధికారం కొత్త చట్టంలోనూ ప్రభుత్వం చేతిలోనే ఉంది.