గాదెను కాచిన వేపాకు

పంట పండించడం ఒక ఎత్తు. పండిన గింజను మరుసటి పంట వరకు పురుగు పట్టకుండా నిలుపుకోవడం మరొక ఎత్తు. గాదెలు, గుమ్ములు, పాతరలు మన పూర్వుల జీవనానికి ఆధారస్తంభాలు. వాటిని కాచినది ప్రధానంగా గృహిణుల అనుభవజ్ఞానం. వడ్లను తొలిచే ముక్కుపురుగు, గింజను పిండి చేసే నుసిపురుగు, పెసలను గుల్ల చేసే పుచ్చుపురుగు వారికి చిరపరిచిత శత్రువులు.

గింజను కొరికితే పటుక్కున విరిగేంతగా ఎండబెట్టడం మొదటి నియమం. నీడన ఆరిన వేపాకును, వావిలాకును, కానుగాకును ధాన్యపు పొరల మధ్య పరచడం రెండవది. పచ్చి ఆకు వేస్తే చెమ్మ చేరి బూజు పడుతుంది గనుక నీడన ఆరబెట్టడం తప్పనిసరి. కందులకు, పెసలకు ఆముదం పట్టించేవారు. పుచ్చుపురుగు గింజపైననే గుడ్డు పెడుతుంది. నూనెపూతకు గాలి అందక ఆ గుడ్డు నశిస్తుంది.

ఈ విజ్ఞానం ఒక్క తెలుగువారి సొత్తు కాదు. మన వేప కన్నడంలో బేవు, తమిళంలో వేంబు. మన వావిలి కన్నడంలో లక్కి, తమిళంలో నొచ్చి. తరతరాలుగా ఇరుగుపొరుగుగా జీవించిన వారి నడుమ మాటలతోపాటు గింజను కాచే మెలకువలు కూడా చేతులు మారాయి.

1939లో డి.డి.టి. కీటకనాశక గుణం వెల్లడైన పిమ్మట రసాయనాల యుగం ఆరంభమైంది. పంటనష్టం తగ్గించడంలో వాటి మేలు కాదనరానిది. అయితే 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా అసువులు బాశారు. ఆహారం సమీపంలో విషం ఉండటం ఎంత ప్రమాదకరమో దేశానికి తెలిసివచ్చింది.

శాస్త్రజ్ఞుల దృష్టి వేపపై నిలిచినది కూడా ఆ దశాబ్దపు అనంతరమే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం 1962లో వేపగింజల ద్రావణం చల్లిన పైరును మిడతల దండు ముట్టదని నిరూపించింది. 1965లో అదే సంస్థకు చెందిన జోత్వానీ, సర్కార్ నూరుపాళ్ల గోధుమకు ఒకటి రెండు పాళ్ల వేపపప్పు పొడి కలిపితే నెలల తరబడి పురుగు నిలువరించబడుతుందని ప్రకటించారు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ వేపగింజ నుండి అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. అది కీటకానికి తిండిపై విముఖత కలిగిస్తుంది. కుబుసం విడిచే క్రమాన్ని భంగపరుస్తుంది.

ఆ పిమ్మట యాజమాన్య వివాదం తలెత్తింది. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై 1994లో ఐరోపా పేటెంట్ కార్యాలయం అమెరికా వ్యవసాయశాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ సంస్థకు హక్కులిచ్చింది. వందనా శివ ప్రభృతులు అభ్యంతరం తెలిపారు. ఆ పద్ధతి భారతదేశంలో మునుపే వాడుకలో ఉన్నదన్న సాక్ష్యం బలపడి 2000లో పేటెంటు రద్దయింది. 2005లో అప్పీలు సైతం వీగిపోయింది. అనుభవం ఎంత ప్రాచీనమైనా న్యాయస్థానం ముందు సాక్ష్యం కావలసివచ్చింది.

పూర్వాచారమంతా నిరపాయమని భావించడం కూడా పొరపాటే. పురుగును తరిమే వసకొమ్ములోని ఒక నూనెపదార్థం ఆరోగ్యానికి హానికరమని తేలినందున దానిని విత్తనాలకు మాత్రమే పరిమితం చేయడం క్షేమం. వేపాకు పురుగు రాకను మందగింపజేస్తుందే గాని, ఒకసారి బలంగా పట్టిన పురుగును అది ఒక్కటే నిర్మూలించజాలదు. ఆరని గింజకు ఏ ఆకూ రక్ష కాదు.

నేడు అనేక గృహాలలో గాదెలు లేవు. పాతర, గుమ్మి వంటి మాటలు పిల్లల నోట వినబడటం అరుదు. మాట మరుగైతే దానిని అంటిపెట్టుకున్న జ్ఞానం కూడా మరుగవుతుంది. ఇంటి పెద్దలు ఏ గింజకు ఏ ఆకు వేసేవారో, ఎన్నాళ్లు నిలిచేదో అడిగి తెలుసుకొని, మాతృభాషలో వ్రాసి ఉంచడం విద్యార్థులు చేయదగిన సేవ. తెలుగులో చదువు నేర్పే పాఠశాలకు అంతకు మించిన గాదె పని వేరొకటి లేదు.