వేమూరు చేరడానికి ఆ టీకాకు పాతికేళ్లు

ఏడాది నిండని బిడ్డకు ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోతుంది. పాలు పట్టదు. ఎత్తుకుంటే ఊరుకోవాల్సింది పోయి ఇంకా గట్టిగా ఏడుస్తుంది. మాడు ఉబ్బుతుంది, ఫిట్స్ మొదలవుతాయి. మన పల్లెల్లో తరతరాలుగా దీన్ని గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, పళ్లు వస్తున్నాయన్నారు. చాలామంది బిడ్డల విషయంలో అసలు కారణం మెదడును చుట్టి ఉండే పొరలకు సూక్ష్మజీవులు సోకడం. ఆ సూక్ష్మజీవులు ఎక్కడి నుంచో రావు. ఆరోగ్యంగా తిరిగే అన్నయ్య ముక్కులోనో, అమ్మమ్మ గొంతులోనో ఉండి, ముద్దు చేసేటప్పుడు బిడ్డకు చేరతాయి. నెలల పిల్లల్లో ఎక్కువ హాని చేసినవి రెండు: హిబ్ అని పిలిచే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి రకం, న్యూమోకాకస్. మూడోది మెనింగోకాకస్.

మెదడు పొరలకు వచ్చే ఈ జబ్బును వైద్యులు ప్రత్యేకంగా గుర్తించి రాసింది 1805లో, స్విట్జర్లాండులోని జెనీవాలో. 1887లో వైక్సెల్‌బామ్ అనే వైద్యుడు వెన్నునీటిలో మెనింగోకాకస్‌ను చూశాడు. 1891లో క్వింకె అనే జర్మన్ వైద్యుడు నడుము దగ్గర సూది గుచ్చి ఆ నీరు తీసే పద్ధతి చూపించాడు. అన్నా కుగ్లర్ అనే వైద్యురాలు గుంటూరులో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచిన 1898 నాటికి జబ్బును పోల్చుకునే దారి ప్రపంచానికి తెలిసింది. నయం చేసే దారి మాత్రం తెలియదు.

1933లో ఫోదర్‌గిల్, రైట్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒక కీలకమైన సంగతి గమనించారు. తల్లి రక్తం నుంచి వచ్చిన రక్షణ బిడ్డకు కొద్ది నెలలే ఉంటుంది. అది కరిగిపోయాక, సొంత రక్షణ తయారయ్యే దాకా, సుమారు మూడేళ్ల వయసు వరకూ హిబ్‌కు అడ్డు లేదు. అప్పట్లో ఈ జబ్బు వచ్చిన పసివాళ్లలో బతికినవాళ్లు అరుదు. 1930ల చివర హ్యాటీ అలెగ్జాండర్ అనే వైద్యురాలు కుందేళ్ల రక్తం నుంచి తీసిన సీరంతో కొందరిని దక్కించుకుంది. అదే దశకంలో సల్ఫా మందులు, ఆ తర్వాత పెన్సిలిన్, క్లోరాంఫెనికాల్ వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో లెడర్లే ప్రయోగశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

మందు వచ్చింది కదా, ఇక భయమేమిటి అనిపిస్తుంది. కానీ ఈ జబ్బులో గంటలే లెక్క. సరైన మందు పడినా, బతికిన ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది: చెవుడు, ఫిట్స్, కాలో చెయ్యో పడిపోవడం, చదువు ఎక్కకపోవడం. వేమూరు తెనాలి-రేపల్లె రైలు మార్గం మీది డెల్టా ఊరు. ఇలాంటి ఊరి బిడ్డకు వెన్నునీరు తీసి పరీక్ష చేయాలంటే తెనాలికో, అది దాటి గుంటూరుకో వెళ్లాలి. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయన్న భయంతో వద్దనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వెళ్లే ముందే ఊళ్లో వేయించిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వల్ల పరీక్షలో సూక్ష్మజీవి కనపడకుండా పోతుంది. మనకు ఈ జబ్బు అంతగా లేదని చాలాకాలం అనుకోవడానికి అది కూడా ఒక కారణం. పరీక్షలో దొరకనిదంతా లేనట్టు కాదు. పల్లె బిడ్డకు అసలైన రక్షణ జబ్బు వచ్చాక దొరకదు, రాకముందే ఇవ్వాలి.

అలా ముందే ఇచ్చే ప్రయత్నం మన నేల మీద తొందరగానే మొదలైంది. క్షయ కూడా పసిపిల్లల మెదడు పొరలకు పాకుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టిన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం అందుకు కేంద్రం. పెద్దల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తర్వాత చెంగల్పట్టు పరిశోధనలో తేలింది. అయినా పుట్టిన బిడ్డకు దాన్ని ఇంకా వేస్తున్నాం. పసివాళ్ల మెదడుకు క్షయ చేరకుండా అది కాపాడుతుంది, అందుకే.

హిబ్ టీకా అంత సులువుగా రాలేదు. ఆ సూక్ష్మజీవి చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన తొడుగు ఉంటుంది. 1985లో అమెరికాలో వచ్చిన మొదటి టీకాలో ఆ చక్కెర ఒక్కటే ఉంది. పెద్ద పిల్లల్లో పనిచేసింది. అవసరమైన పసివాళ్లలో మాత్రం పనిచేయలేదు, వాళ్ల శరీరం ఆ చక్కెరను శత్రువుగా గుర్తించలేకపోయింది. రాబిన్స్, ష్నీర్సన్ అనే శాస్త్రవేత్తలు ఒకచోట, స్మిత్, ఆండర్సన్ అనేవారు మరోచోట, ఆ చక్కెరను ఒక ప్రొటీనుకు అతికించారు. ప్రొటీను తోడయ్యేసరికి పసి శరీరం మేల్కొంది. 1990లో అమెరికా రెండు నెలల పిల్లలకు ఆ టీకా వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు అక్కడ ఏటా అయిదేళ్లలోపు పిల్లలు 20 వేల మంది హిబ్ వల్ల తీవ్రంగా జబ్బుపడేవారు. కొన్నేళ్లలోనే 99 శాతం తగ్గిపోయింది. టీకా వేసుకున్న బిడ్డ గొంతులో సూక్ష్మజీవి నిలవదు కనుక, వేయించుకోని పక్కింటి బిడ్డకూ మేలు జరిగింది.

ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న బీద దేశం 1997లోనే ఈ టీకాను తన పిల్లలందరికీ ఇచ్చింది. మనం ఇవ్వలేదు. దేశంలో ఈ జబ్బు భారం ఎంత, ఖరీదు పెట్టదగినదేనా, హిబ్‌తో సహా అయిదు టీకాలు ఒకే సూదిలో కలిపితే ప్రమాదమా అంటూ వాదాలు, కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. ప్రశ్నలు అడగడం తప్పు కాదు. జవాబులు వచ్చాక కూడా ఏళ్లు గడవడమే తప్పు. మరీ బాధ కలిగించేది, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, బయోలాజికల్ ఇ సంస్థలు ఇదే టీకాను తయారుచేసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొంది ఉండటం. 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో పెంటావాలెంట్ అనే ఆ అయిదింటి టీకా మొదలైంది. 2015 నాటికి గానీ మన పీహెచ్‌సీలకు చేరలేదు. అమెరికా బిడ్డకూ వేమూరు బిడ్డకూ మధ్య పాతికేళ్లు. డబ్బున్నవాళ్లు ఆ పాతికేళ్లలో ప్రైవేటు ఆసుపత్రుల్లో వేయించుకున్నారు.

న్యూమోకాకస్ టీకాదీ అదే కథ. అమెరికాలో 2000లో వచ్చింది. మన ప్రభుత్వ కార్యక్రమంలోకి కొన్ని రాష్ట్రాల్లో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చింది. బయట ఒక్కో డోసుకు వేల రూపాయలయ్యే టీకా ఇప్పుడు ఆశా కార్యకర్త పిలిచి మరీ ఉచితంగా వేయిస్తోంది. మెనింగోకాకస్ టీకా మాత్రం ఇంకా ఈ జాబితాలో లేదు.

పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. న్యూమోకాకస్ టీకా 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు. తొడ మీద కాస్త వాపు, ఒక రోజు జ్వరం ఉండొచ్చు, ఆ భయంతో తర్వాతి డోసు మానకండి. 9 నెలల డోసును మరిచిపోకండి. పనుల కోసం మీ ఊరు వచ్చిన వలస కుటుంబంలో చంటిబిడ్డ ఉంటే, బుధవారమో శనివారమో ఆ తల్లిని టీకా కార్డుతో సహా నర్సమ్మ దగ్గరికి వెంటబెట్టుకు వెళ్లండి. కార్డు లేకపోయినా టీకా వేస్తారు.