పొలానికి చాలదు, ఊపిరితిత్తులకు ఎక్కువ: గంజాయి మొక్కలో కాడ్మియం లెక్క

మట్టిలోని భార లోహాలను, ఇతర కాలుష్యాలను పీల్చుకుని నేలను శుద్ధి చేస్తుందని గంజాయి జాతి మొక్కకు మంచి పేరుంది. 1998లో ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ పరిసరాల్లో ఈ జాతిలో మత్తు తక్కువగా ఉండే హెంప్ రకాన్ని వేసి చూశారు. ఇటలీలో టరాంటో ఉక్కు కర్మాగారం పక్కన డయాక్సిన్ సోకిన పొలాల్లోనూ ఇదే పంట వేశారు. ఇదే జాతి పూతను మరోచోట పొగగా పీలుస్తున్నారు. నేలను బాగుచేసేంత లోహాన్ని ఈ మొక్క లాగలేదు, కానీ పీల్చేవాళ్లను దెబ్బతీయడానికి అది లాగినంత చాలు. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

ఒక ఊహా పొలం తీసుకుందాం. హెక్టారు నేలలో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,600 టన్నులు తూగుతుంది. కిలో మట్టిలో 3 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంటే మొత్తం 7.8 కిలోలు. ఎండు మొక్క 10 టన్నులు వచ్చి, అందులో కిలోకు 2 మిల్లీగ్రాములు చేరితే ఒక పంట బయటికి తీసేది 20 గ్రాములు. మట్టిలో మోతాదును 3 నుంచి 1కి దించాలంటే 260 పంటలు కావాలి. ఇంకోవైపు చూడండి. అదే కిలోకు 2 మిల్లీగ్రాములు పూతలోనూ ఉంటే, పీల్చే సరుకులో కాలిఫోర్నియా అనుమతించే గ్రాముకు 0.2 మైక్రోగ్రాములకు అది పది రెట్లు.

ఆకుల్లో కిలోకు 100 మిల్లీగ్రాములు దాటితేనే ఒక మొక్కను కాడ్మియం అతిసంచయకారి అంటారు. మామూలు పొలాల్లో హెంప్ ఆ గీత దగ్గరికి రాదు. జర్మన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో వేళ్లలో కిలోకు 800 మిల్లీగ్రాములు చేరినా ఎదుగుదల పెద్దగా తగ్గలేదు. కాండం, ఆకుల్లో 50-100కి చేరేసరికి మాత్రం మొక్క బాగా దెబ్బతింది. అంటే ఈ మొక్క లోహాన్ని తట్టుకునే తీరులో ఎక్కువ భాగం వేళ్ల దగ్గరే ఆపేయడం. శుద్ధి కోసం వేసినవాళ్లకు ఇది నిరాశే, ఎందుకంటే వేళ్లు పొలంలోనే మిగులుతాయి.

కాడ్మియం ఆ వేళ్లలోకి దూరేది జింకు, ఇనుము, కాల్షియం కోసం ఉన్న ద్వారాల గుండా. అందుకే జింకు లోపించిన నేలలో అది ఎక్కువగా ఎక్కుతుంది. మట్టి ఆమ్లత్వం పెరిగితే మట్టిరేణువులకు అంటుకుని ఉన్న కాడ్మియం విడివడి నీటిలోకి వస్తుంది. సున్నం వేస్తే తగ్గుతుంది. పరిశ్రమల పొరుగున లేని పొలానికి కూడా భాస్వరం ఎరువు దీన్ని మోసుకొస్తుంది. ఎరువుకు ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్‌లోనే, ముఖ్యంగా అవక్షేప శిలల నుంచి తవ్వినదానిలో, ఈ లోహం ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2022 నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో కిలో భాస్వర పెంటాక్సైడ్‌కు 60 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. పెరటి గదిలో, కుండీల్లో పెంచినది శుభ్రమైన సరుకన్న నమ్మకం నిలబడకపోవడానికి ఈ ఎరువు ఒక్కటి చాలు.

తిన్న కాడ్మియంలో పేగులు పీల్చుకునేది నూటికి సుమారు 5 పాళ్లు. ఊపిరితిత్తులైతే 50 దాకా పీల్చుకోగలవు. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, చుట్ట కొసన నిప్పు వేడి అంతకు మించుతుంది. ఒంట్లోకి చేరినది మూత్రపిండాల్లో దశాబ్దాలు నిలుస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005-2018 మధ్య అమెరికా ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 7,254 మంది వివరాలను పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పొగాకు ముట్టకుండా గంజాయి మాత్రమే వాడేవారి రక్తంలో, ఏదీ వాడనివారికంటే సీసం 27 శాతం, కాడ్మియం 22 శాతం ఎక్కువ. ఇది సహసంబంధమే, ఆ లోహం ఏ పొలం నుంచి వచ్చిందో సర్వే చెప్పదు.

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో జర్మనీలోని లైప్‌జిగ్ చూపించింది. 2007లో అక్కడి యువకులు కడుపునొప్పి, వికారం, రక్తహీనత, నీరసంతో ఆసుపత్రులకు వరుస కట్టారు. చివరికి తేలింది సీసం విషం. వాళ్లు పీల్చిన గంజాయిలో గ్రాముకు సగటున 10 మిల్లీగ్రాముల సీసం ఉంది, అంటే సీసానికి కాలిఫోర్నియా పెట్టిన పరిమితికి 20,000 రెట్లు. ఏ వేరూ అంత లాగదు. ఒక పొట్లంలో సీసపు రేణువులు కంటికే కనిపించాయి. తూకం పెంచడానికి కలిపారు! మట్టిని నిందించే ముందు దళారి త్రాసును కూడా చూడాలన్నమాట. ప్రయోగశాల ఇచ్చే అంకె ఒక్కటే ఈ రెండింటినీ వేరు చేయలేదు. పొలం మట్టి నమూనా పక్కన ఉంటేనే ఆ అంకెకు అర్థం.

మన దగ్గర ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి చట్టవిరుద్ధం. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కింద పట్టుబడిన సరుకు విషయంలో కేసుకు కావలసింది అది గంజాయా కాదా, బరువెంత అన్నదే, అందులో లోహం ఎంత అన్నది కాదు. చట్టబద్ధంగా మన వంటింటి దాకా వచ్చేది హెంప్ గింజ, దాని నూనె, పిండి. వీటిని ఆహారంగా కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో గుర్తించింది. సాగు అనుమతులిచ్చే రాష్ట్రాలు దరఖాస్తుతో పాటే మట్టిలో కాడ్మియం, సీసం, జింకు, ఆమ్లత్వం పరీక్ష ఫలితాలు అడగాలి. కాలుష్యం పేరుకున్న నేలలో శుద్ధి పేరుతో వేసిన పంట ఆకు, పూత, గింజ ఆహారంలోకో మందుల్లోకో రాకుండా అనుమతి పత్రంలోనే షరతు పెట్టాలి. ఆ పంట కాండం ముక్కలను గోడల గిలాబాకు, ఇటుకలకు వాడుకోవచ్చు.