మూడు చావులు, ఒక మలుపు

మా ఊరికెళ్ళే దారిలో చెరువు కట్ట దిగగానే ఓ మలుపుంది. పన్నెండేళ్ళ క్రితం మా పెదనాన్నగారి అబ్బాయి రాత్రి పదకొండింటికి బండి మీద వస్తూ అక్కడే కాలవలో పడి చనిపోయాడు. "నిద్ర పట్టేసుంటుంది" అన్నారందరూ. తర్వాత అదే చోట ఇంకో ఇద్దరు. వాళ్ళకీ నిద్రేనట! మూడో చావు తర్వాత ఊళ్ళో చందాలేసుకుని ఆంజనేయస్వామి గుడి కట్టారు. నేనూ వెయ్యిన్నూటపదహార్లు రాశాను.

ఒకే స్క్రీన్ దగ్గర ముగ్గురు ఒకే తప్పు చేస్తే "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసేస్తామా? మేనేజరు ఊరుకుంటాడా? రోడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే చేస్తాం. ఈ సంగతి బుర్ర తొలుస్తుంటే చదవడం మొదలుపెట్టాను, అమెరికా పల్లె కౌంటీల చరిత్ర తగిలింది. (కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే చాలాచోట్ల లోకల్ రోడ్లు దాని చేతిలోనే ఉంటాయి.)

మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన మార్కెట్ అని ఒక కౌంటీ. బజారు కాదండోయ్, ఊరి పేరే. ఇనప గనులు, అడవులు, మంచు. అక్కడ నెగానీ వెళ్ళే దారిలో డెడ్ మాన్స్ కర్వ్ అని ఒక మలుపు. జనం ఒక మలుపుకి అలాంటి పేరు పెట్టారంటే, మా ఊళ్ళో గుడి కట్టినట్టే, ఎర్రర్ లాగ్ రాసి పెట్టారన్నమాట. అక్కడ ఆ లాగ్ చదివినవాడు ఒకడున్నాడు. కౌంటీ రోడ్ల అధికారి కెన్నెత్ సాయర్. 1917లో ఆ మలుపు మీద రోడ్డు మధ్యలో గీత గీయించాడు. డ్రైవర్లకి బుద్ధులు చెప్పలేదు, "నీ సగం ఇదీ" అని చూపించాడు, అంతే. తర్వాత అక్కడి ఎయిర్‌ఫోర్స్ బేస్‌కి ఆయన పేరే పెట్టారు. గీత వల్ల కాదులెండి, విమానాశ్రయం కావాలని పట్టుబట్టినందుకు.

అదే 1917లో కాలిఫోర్నియా రివర్‌సైడ్ కౌంటీలో డాక్టర్ జూన్ మెకారల్ అనే ఆవిడ సాయంత్రం తన మోడల్ టీ ఫోర్డులో ఇంటికి పోతుంటే ఎదురుగా లారీ వచ్చి రోడ్డు దింపేసింది. ఇసకలో దిగి బతికిపోయింది. ఆ తర్వాత ఇంకోచోట, వెడల్పు చేసిన రోడ్డుకి మధ్యలో చిన్న గట్టులా మిగిలిపోవడం చూసింది. దానివల్ల బళ్ళన్నీ బుద్ధిగా ఎవరి పక్కన వాళ్ళు పోతున్నాయి! వెళ్ళి కౌంటీ పెద్దలకి చెప్పింది. విని, మర్చిపోయారు. (ఏ దేశమైనా ఆఫీసు ఆఫీసే.) చివరికి తనే నాలుగంగుళాల తెల్ల గీత గీసి చూపించింది. మహిళా సంఘాల ద్వారా ఏడేళ్ళు పోరితే 1924లో రాష్ట్రం ఒప్పుకుని 3,500 మైళ్ళు గీయించింది.

ఎవరు ముందు అన్నదాని మీద తగువు ఇంకా ఉంది. 1911లోనే డెట్రాయిట్ దగ్గర వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ గీయించాడంటారు, పాల బండి కారి రోడ్డు మీద పడ్డ చార చూసి తట్టిందని కథ కూడా ఉంది. పోనీండి. నాకు నచ్చిందేంటంటే, వీళ్ళెవరూ రాజధానిలో కూర్చున్నవాళ్ళు కాదు. ఆ రోడ్ల మీద తిరిగేవాళ్ళు.

ఇక్కడో చిక్కుంది. 2021లో అమెరికా జనాభాలో పల్లెల్లో ఉన్నది ఐదో వంతే, రోడ్డు చావుల్లో మాత్రం 40 శాతం అక్కడే. చీకటి, వేగం, మలుపు, ఆస్పత్రి దూరం. మన దేశంలోనూ 2022లో పోయిన 1,68,491 మందిలో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే. కానీ ఆ చావులు వేల మలుపుల మీద ఒకటీ అరా చొప్పున చెదిరి ఉంటాయి. మన జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్ అనాలంటే 500 మీటర్లలో 3 ఏళ్ళలో 5 తీవ్ర ప్రమాదాలో 10 చావులో ఉండాలి. పన్నెండేళ్ళలో ముగ్గురంటే ఈ కొలతకి మా మలుపు ఎప్పటికీ ఆనదు.

దీనికి మందు కాలిఫోర్నియాలోనే ఇంకో పల్లె కౌంటీ, మెండసీనో, కనిపెట్టింది. అక్కడి ఇంజనీర్లు చావుల కోసం ఎదురుచూడకుండా రోడ్లని వంతులవారీగా తిరిగి చూశారు. అచ్చం మన కోడ్ రివ్యూనే! ఎక్కడ మలుపు ముందుగా తెలియట్లేదో అక్కడ హెచ్చరిక బోర్డు, బాణం గుర్తు, గీత. 1992 నుంచి 1998 దాకా ఆరేళ్ళలో ఖర్చు 80 వేల డాలర్ల లోపే. చూసిన రోడ్ల మీద ప్రమాదాలు 42 శాతం దాకా తగ్గాయి. చూడని రోడ్ల మీద అదే సమయంలో పెరిగాయి.

పోయిన సంక్రాంతికి ఈ అంకెలన్నీ తెలుగులో రాసుకుని, మలుపు ఫోటోలు పెట్టి, సంబంధిత ఇంజనీరు గారికిచ్చాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "బాణం బోర్డుకి ఎంతవుతుంది సార్, పెట్టొచ్చు. కానీ నా కింద ఇలాంటివి ఎన్ని మలుపులున్నాయో మీకు తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "నాకూ తెలియదు, ఎవరూ లెక్కపెట్టలేదు" అన్నారు.

ఈసారి సెలవుల్లో బండి మీద తిరిగి నేనే లెక్కపెడదామనుకుంటున్నాను. అన్నయ్య కొడుకు వస్తానన్నాడు. వాడికిప్పుడు కాలేజీ టౌన్లో, రోజూ ఆ కట్ట మీదుగానే పోతాడు. రాత్రి పూట మాత్రం వద్దంది వదిన.