చెన్‌స్తొహోవలో యువజన సమ్మేళనము



ప్రపంచ యువజన దినోత్సవమను పేర కతోలిక యువజనులు దేశదేశములనుండి వచ్చి యొకచోట గూడుదురు. సంఖ్యనుబట్టి చూచినచో 1995లో మనీలా నగరమున జరిగిన సమ్మేళనమే మిక్కిలి గొప్పది. అయినను నేను చెప్పదలచినది 1991 ఆగస్టులో పోలండు దేశమందు చెన్‌స్తొహోవలో జరిగినదానిని గూర్చి.

ఆ పట్టణమున యాస్నగూర యను గుట్టపై 1382లో స్థాపింపబడిన మఠ మొకటి కలదు. అందు మరియమాత చిత్రపటము పూజ లందుచున్నది. ఆ తల్లి మోము నల్లనిది. చెక్కిలిపై 1430లో దోపిడిగాండ్రు చేసిన గాట్లు నేటికిని కానవచ్చును. 1655లో స్వీడను సేనలు ముట్టడించినను మఠము లొంగలేదు. వార్సా నగరమునుండి కాలినడకను వచ్చు యాత్ర 1711లో మొదలై, పోలండు రాజ్యమే లేకుండ పోయిన కాలమునందును సాగినది.

కమ్యూనిస్టు పాలనమున, 1957 మొదలుకొని, ఆ పటముయొక్క ప్రతి నొకదానిని ఊరూర త్రిప్పుచుండిరి. 1966లో ప్రభుత్వమువారు పోలీసులచే దానిని పట్టించి మఠమునకు మరలించి, వెలికి రానీయరైరి. జనులేమి చేసిరి? వట్టి చట్రమునే యూరేగించిరి! 1972 వఱకు గ్రామగ్రామమున స్వాగతము లందుకొన్నది పటములేని ఆ చట్రమే. పటమును పట్టుకొన్నవారికి ఈ యుపాయము తోచియుండదు.

ఆ దేశపు గురువే 1978లో రెండవ జాన్ పాల్ అను పేర జగద్గురువైరి. వారు 1984లో మ్రానికొమ్మల ఆదివారమునకు యువజనులను రోమునకు రావించి, ఆ వసంతముననే పెద్ద కొయ్యసిలువ నొకదానిని వారి కప్పగించిరి. మరుసటి యేడు యువజన దినోత్సవమును నెలకొల్పిరి. 1987లో బ్యూనస్ ఐరిస్‌లోను, 1989 ఆగస్టులో స్పెయినులోని సంతియాగోలోను సమ్మేళనములు జరిగెను. అప్పటికి బెర్లిను గోడ నిలిచియే యున్నది.

1991 నాటికి ఆ గోడ లేదు. యాస్నగూర గుట్టక్రింద 10 లక్షలకు మించిన యువజనులు చేరిరి. వారిలో సోవియట్ దేశమునుండి వచ్చినవారే వేలకొలది: లిథువేనియనులు, ఉక్రేనియనులు, బైలోరష్యనులు, రష్యనులు. తమ దేశమున బహుకాలము బాలురకు మతబోధ చేయుటయే నేరము. అట్టివారు ఆగస్టు 14 రాత్రి ఫ్రెంచివారి ప్రక్కన, ఇటాలియనుల ప్రక్కన జాగరణము చేసి, మఱునాడు మోక్షారోపణ పండుగ పూజలో పాల్గొనిరి. ప్రాచ్య పాశ్చాత్య ఐరోపాల యువకు లింతమంది యొక్క జగద్గురువు నెదుట గూడుట అదియే మొదలు.

నాలుగు దినములకు, ఆగస్టు 19న, మాస్కోలో కొందఱు పాత పాలకులు అధికారమును చేజిక్కించుకొన జూచిరి. మూడు నాళ్లలో ఆ యత్నము విఫలమయ్యెను. డిసెంబరునాటికి సోవియట్ రాజ్యమే లేదు. ఈ రెంటికిని కార్యకారణ సంబంధమును గల్పించుట భక్తుల కలవాటు. నే నట్లు చెప్పజాలను. ఆ రాజ్యము కూలుటకు ఆర్థిక కారణములు, జాతుల కలహములు పెక్కులు గలవు. కాని మాస్కో వీధులలోనికి యుద్ధశకటములు వచ్చిననాడు, యాస్నగూరనుండి మరలిన యా యువకులలో కొందఱకు కాళ్లనొప్పు లింకను తగ్గియుండవు.